మావగారు వెళ్ళొద్దన్న ఆట

మొన్న కొట్టువాడు జీలకర్ర కట్టి ఇచ్చిన కాగితం ఇంగ్లీషు పత్రికది. పొట్లం విప్పి, పాత అలవాటు కొద్దీ కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుంటూ ఉంటే మా మనవరాలు లాక్కుని చదివి, ఒకటే నవ్వు. ఏదో పెద్ద పట్నంలో పెద్ద హోటలట. అందులో మందు పోసే మనిషి దగ్గరికి పత్రికవాళ్ళు వెళ్ళి, వచ్చేవారం ఊళ్ళో జరిగే పాటకచేరీల్లో దేనికి వెళ్తే బాగుంటుందని అడిగారట. ఆయన ఒక్కోదాని గురించీ తన అభిప్రాయం చెప్పాడు. పక్కనే ఆయన ఫొటో, చేతిలో సీసా, ముఖాన నవ్వు. "మందు పోసేవాడికి పాట గురించి ఏం తెలుస్తుంది మామ్మా?" అంది మనవరాలు. తెలుస్తుందే, బాగా తెలుస్తుంది అన్నాను. అది ఇంకేదో అడగబోయింది గానీ, జీలకర్ర వేయించాలని చెప్పి లేచిపోయాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నాలుగో తరగతి చదువూ, ఆ తర్వాత వారపత్రికలు నేర్పిన తెలుగూ నావి. తప్పులుంటే సర్దుకోండి.

నేను కాపురానికి వచ్చింది బరంపురం గోసాని నువాగాంలో ఒక సారా కొట్టు వెనకింటికి. మద్రాసు గవర్నరు ఏలుబడి రోజులు అవి. మా కచేరీ కాగితాలన్నీ మద్రాసు వెళ్ళి రావలసిందే. కొట్టు మా మావగారిది. ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు, రెంటికీ మధ్య ఒక గోడ, ఆ గోడలో పళ్ళెం పట్టేటంత కిటికీ. మగవాళ్ళు అటు, ఆడవాళ్ళం ఇటు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు, శెనగలు, మిరపకాయ బజ్జీలు వేయించి పళ్ళెం కిటికీలో పెడితే, అటు నుంచి మావగారి చెయ్యి వచ్చి తీసుకుపోయేది. మొదటి మూడేళ్ళ కాపురంలో నేను ఆయన ముఖం కంటే చేతినే ఎక్కువ చూశాను. కోడలు మావగారితో మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే అత్తగారికి చెప్పాలి, అత్తగారు ఆయనకి చెప్పాలి. మా అత్తగారు అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగలిగేది కాబట్టి నా మాటలు ఆయనకి చేరడంలో పెద్ద ఆలస్యం ఉండేది కాదు. చేరేసరికి వాటిలో నావి ఎన్ని మిగిలేవో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. సారా కుండని ఇంటి ఆడది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కొట్టు చెడుతుందని వాళ్ళ నమ్మకం.

మా మావగారు ఒక్క ఆటకీ వెళ్ళి ఎరగరు. కొట్టు కట్టేసి లెక్కా జమా చూసుకునేసరికి ఆయనకి నిద్ర ముంచుకొచ్చేది. అయినా ఆ చుట్టుపక్కల నాలుగు పేటల్లో ఆయన్ని అడక్కుండా ఎవడూ ఆటకి వెళ్ళేవాడు కాదు. కారణం ఏమిటంటే, ఊళ్ళోకి వచ్చిన ప్రతి మేళమూ ఆట ముందు సాయంత్రం మా కొట్టుకి వచ్చేది. భాగోతం వాళ్ళు, జముకుల కథ వాళ్ళు, చైత్రమాసంలో దండనాట వాళ్ళు, పెళ్ళిళ్ళకి వచ్చే సన్నాయి వాళ్ళు, అందరూ. ఆయన వాళ్ళకి పోసి ఊరికే చూస్తూ ఉండేవారు. "మద్దెల వాయించీవోడి ఏళ్ళు బల్ల మీద ఊరుకోకుండా ఆడతన్నాయంటే ఎల్లండి. రాజు ఏసగాడూ మద్దెలోడూ సెరో మూల కూకున్నారంటే మాత్రం ఎల్లకండి, ఆల్లు తెల్లారేదాకా అలిగే ఉంటారు" అని చెప్పేవారు. ఒకే ఆకులో చెయ్యి పెట్టి తినే మేళం మంచిదట. తెర గురించీ దీపాల గురించీ గొప్పలు చెప్పే మేళం పాట గురించి చెప్పడానికి ఏమీ లేక చెబుతుందట. ఒకసారి కొత్త హార్మణీ పెట్టెతో ఒక పెద్ద మేళం దిగింది. ఊరంతా ఎగబడటానికి సిద్ధంగా ఉంది. ఈయన వద్దన్నారు. వినకుండా వెళ్ళినవాళ్ళు మర్నాడు వచ్చి, నడి ఆటలో హార్మణీ వాయించేవాడు పెట్టె మీదే తలవాల్చి నిద్రపోయాడని, వాడి గురక కూడా శ్రుతిలో లేదని చెప్పారు. గోపాల్‌పూర్‌లో దొరల హోటల్లో బట్లరు ఒకడు అప్పుడప్పుడు వచ్చి, అక్కడి బ్యాండు ఎలా వాయిస్తుందో బల్ల మీద దరువేసి చూపించేవాడు. మావగారు శ్రద్ధగా విని, "ఈ దెబ్బకి గుర్రం నడుత్తాది గాని మనిసి కూకోడు" అని తేల్చేశారు. ఒడియావాళ్ళు కూడా సాయంత్రమయ్యేసరికి వచ్చి "మావా, ఆజి కువాడె జిబా?" అని, ఇవాళ ఎటు పోదామని ఆయన్నే అడిగేవారు.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుండేది. పాడేవాడు ఆటకి ముందు సారా ముట్టుకుంటే ఆ ఆటకి వెళ్ళకూడదు. వేషగాళ్ళు తాగనీ, మద్దెలవాడు తాగనీ, ఫరవాలేదు. ముందుపాట పాడేవాడు మాత్రం ఆట అయ్యాకే తాగాలి. "ముట్టినోడు తన పాట తను వినడు. తను విననోడు మనకేటి వినిపిత్తాడు?" అనేవారు. సారా అమ్ముకునే మనిషి నోట ఈ మాట వినడానికి తమాషాగా ఉండేది గానీ, నేను విన్నంతలో ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

నా పెళ్ళి కుదిరింది కూడా ఈ నియమం వల్లే. మా అయ్య భాగోతం మేళానికి పెద్ద, ముందుపాట ఆయనదే. మాది సోనేపూర్ దగ్గర పల్లె. బరంపురం వచ్చినప్పుడల్లా మా అయ్య ఆ కొట్టులో కూర్చుని, తన మేళం అంతా తాగుతూ ఉంటే తను మాత్రం శొంఠినీళ్ళు అడిగేవాడు. ఒక రోజు శొంఠినీళ్ళు చల్లారేదాకా ఏదో కూనిరాగం తీస్తూ ఉంటే విని, మావగారు అక్కడికక్కడే "నీకు పెల్లీడు పిల్లుందేటి?" అని అడిగారట. నన్ను చూడకుండానే ఖాయం చేసుకున్నారు. నాకు పాట రాదని పెళ్ళయ్యాక ఆయనకి తెలిసింది. పాపం, దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు.

నేను వచ్చిన మూడో ఏడు మా వీధిలో పందెం ఆట పెట్టారు. మా వైపు అది అలవాటే. వీధికి తూర్పు కొసన ఒక మేళం, పడమటి కొసన ఒక మేళం ఒకే రాత్రి ఆడతాయి. జనం తమకి నచ్చిన చోట కూర్చుంటారు. తెల్లారేసరికి ఎవరి ముందు ఎక్కువమంది మిగిలితే ఆ మేళాన్నే ఏడాది పొడుగునా ఆ చుట్టుపక్కల పిలుస్తారు. ఓడినవాళ్ళు ఆ వీధి నడుమ గజ్జెలు విప్పేసి, మళ్ళీ ఆ ఊళ్ళో ఆడకుండా వెళ్ళిపోవాలి. ఆ ఏడు పడమటి కొస మా అయ్యది. వర్షాల్లేక పల్లెల్లో పిలుపులు లేవు. ఈ పందెం కూడా పోతే మేళంలో సగం మంది గోపాల్‌పూర్‌లో కూలిపనికి రంగూన్ స్టీమరు ఎక్కాల్సిందేనని అందరికీ తెలుసు. మా అయ్య గొంతు మీద పదకొండు కుటుంబాల తిండి ఆధారపడి ఉంది.

ఆ రోజు మా ఆయన బండి కట్టుకుని సారా డిపోకి వెళ్ళారు, మర్నాడు గాని రారు. అత్తగారు చెల్లెలి పురుటికని వెళ్ళింది. మధ్యాహ్నం మా అయ్య దొడ్డి దారిన వచ్చి పొయ్యి పక్కన చతికిలబడ్డాడు. ఆరు నెలల తర్వాత చూడటం. మనిషి సగమయ్యాడు. ఆకలి మీద ఉన్నాడేమోనని గంజి పోసి ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుని మింగలేక చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చివరికి గంజి పెరట్లో ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

"మింగుడు పడతా నేదే అమ్మీ. మూడు నెల్లయింది. లోపల పుండు. ఆసుపత్రి దొర గొంతులో దీపమెట్టి సూసి, ఇంక పాడొద్దన్నాడు" అన్నాడు. పాడకపోయినా ఎన్నాళ్ళుంటానో చెప్పలేదులే అని నవ్వాడు కూడా.

నాకు ఏడుపొచ్చింది. ఆయన నా నోరు చేత్తో మూశాడు.

"ఎవులికీ సెప్పకు. మా మేలమోల్లకే తెల్దు. తెలిస్తే గుండి జారిపోద్ది ఆల్లకి. ఈ ఒక్క పందెం గెలిపించేసి ఎల్లిపోతాను. ఆ తరవాత ఆల్ల సావు ఆల్లు సత్తారు, మీయమ్మకి మాత్రం సెప్పకు. నా మీద ఒట్టు."

సరేనన్నాను. అప్పుడు అసలు వచ్చిన పని చెప్పాడు. సారా గొంతులో పడితే పుండు మీద మంట మండి, ఆ తర్వాత తిమ్మిరెక్కుతుందట. ఆ తిమ్మిరి ఉన్నంతసేపూ నొప్పి తెలియదు, పాట వస్తుంది. మూడు ఊళ్ళలో అలాగే పాడుకొచ్చాడు. కొట్లో కూర్చుని తాగితే బావ, అంటే మా మావగారు, చూస్తాడు. "నువ్వు ఎనక నించి ఓ ముంతడు ఒంపి తెచ్చియ్యి తల్లీ" అన్నాడు.

కుండ కొట్టు వెనక అరుగు మీదే ఉంది, నాలుగడుగుల దూరంలో. అటు ఎవరూ లేరు. నేను కుండ వైపు చూశాను. కోడలు కుండ ముట్టుకుందని తెలిస్తే ఏమవుతుంది, పుట్టింటివాళ్ళకి సారా దోచిపెడుతోందని అత్తగారు వీధంతా చెబితే ఏమవుతుంది, ఇవన్నీ నాకు చకచకా తోచాయి. కన్నతండ్రి గొంతులో పుండు పెట్టుకుని నా ముందు కూర్చుని ఉంటే నాకు తోచినవి ఇవీ. "నేను ముట్టుకోకూడదు అయ్యా. ముందుకెల్లి అడుగు. నీ బావే కదా, ఏటనుకుంటాడు?" అన్నాను. ఆయన, నిజమే, నీ కాపురం నువ్వు సూసుకోవాల అని లేచాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

సాయంత్రం కొట్టు నిండుగా ఉంది. నేను నెత్తళ్ళు వేయిస్తున్నాను. గోడవతల మా అయ్య గొంతు వినిపించింది. మావగారు ఎప్పటిలాగే శొంఠినీళ్ళు కాచమని కేకేయబోయారు. "ఒద్దు బావా, ఇయ్యాల సారా పొయ్యి" అన్నాడు మా అయ్య. పోస్తున్న చప్పుడు వినిపించింది. ఇంకోటి పొయ్యమన్నాడు. మళ్ళీ పోశారు. మా అయ్య లేచి వెళ్ళిపోయిన అడుగుల చప్పుడు కూడా విన్నాను.

పట్టు నేసే మనిషి ఒకాయన రోజూ వచ్చేవాడు, ఆయనే అడిగాడు. "మరి ఈ రేతిరి ఏ కొసకెల్లమంటావు మావా?"

మావగారు బల్ల తుడిచే చప్పుడు వినిపించింది. సొంత వియ్యంకుడు. అబద్ధమాడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. చివరికి, "తూరుపు కొసకెల్లండి" అన్నారు.

"అదేటి? అటు పడమట మీ బావ కదా?"

"ముట్టినాడు" అన్నారు మావగారు. అంతే.

నేను అట్లకాడ పట్టుకుని నిలబడిపోయాను. నెత్తళ్ళు మాడుతున్నాయి. ఒక్క మాట చెబితే చాలు. తాగుబోతుతనం కాదు, పుండు అని. మూడేళ్ళలో ఆయన ముందు పెదవి కదపని కోడల్ని. నడుమ చెప్పడానికి అత్తగారు లేదు, మొగుడు లేడు. ఒట్టు వేయించుకున్న తండ్రి ఒక పక్క. పళ్ళెం తీసుకెళ్ళి కిటికీలో పెట్టాను. పెట్టి చెయ్యి తీయలేదు. ఆయన చెయ్యి వచ్చి పళ్ళెం పట్టుకుని, నా చెయ్యి ఇంకా అక్కడే ఉండటం చూసి ఆగింది. "ఏటమ్మా?" అన్నారు ఆయన మెల్లగా. కోడలితో ఆయన నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. నేను చెయ్యి లాగేసుకున్నాను. ఆయన పళ్ళెం తీసుకుపోయారు.

ఆ రాత్రి గురించి నేను చెప్పగలిగింది కొద్ది. తూర్పున జనం గోల, ఈలలు. పడమట నుంచి మా అయ్య పాట. పుట్టినప్పటి నుంచీ విన్న గొంతే, కానీ ఆ రాత్రి అంత బాగా పాడటం నేను ఎప్పుడూ వినలేదు. నేను గడప లోపల కూర్చుని రాత్రంతా విన్నాను. వేకువజామున ఒక పాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదలు కాలేదు.

పొద్దున్న కొట్టు తలుపు తీయగానే నేత మనిషి వచ్చాడు. ఆయన మావగారి మాట కాదని, స్నేహం కొద్దీ పడమటికి వెళ్ళిన పదిహేనుమందిలో ఒకడు. ఏడుస్తున్నాడు. "ఎంత పని సేసినావు మావా! అలాటి పాట మల్లీ ఇంటామా? పదైదుగురం ఉన్నాం. ఎదర సాపలన్నీ కాలీ. ఆకర్న నోటమ్మట రగతం కక్కీసినాడు. ఆ రగతం తుడుసుకోనేదు, గజ్జెలిప్పించీసి మేలాన్ని తోలుకుని ఎల్లిపోనాడు" అన్నాడు.

మావగారు తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయారట. నేను చూడలేదు. తీసిన కొట్టు ఆ రోజుకి మళ్ళీ మూసేశారు. మా అయ్య మా ఇంటికి రాకుండానే వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు బతికాడు. చివరి రోజుల్లో మంచినీళ్ళు కూడా దిగలేదని మా అమ్మ చెప్పింది. మేళంలో ఐదుగురు స్టీమరెక్కారు. వాళ్ళలో ఒక్కడు తిరిగొచ్చాడు, వాడికీ మతి సరిగా లేదు.

మా అయ్య దినాలు అయ్యాక మావగారు పెరట్లోకి వచ్చారు. నేను బట్టలు ఆరేస్తున్నాను. ముసుగు లాక్కుని పక్కకి తప్పుకోబోతే ఆగమన్నట్టు చెయ్యెత్తారు. అంత పెద్దమనిషి నా కాళ్ళ వైపు చూస్తూ అడిగారు. "ఆ రోజు మజ్జేనం మీ అయ్య నీకాడికొచ్చినాడంట గదా. పుండు సంగతి నీకు సెప్పినాడేటమ్మా?"

ఆయనకి కావలసింది ఏమిటో నాకు అర్థమైంది. తప్పు తనొక్కడిదేనా, ఇంకెవరైనా పంచుకునేవాళ్ళున్నారా అని. అవునంటే చాలు, ఆయన బరువు సగం దిగేది. నేను తల అడ్డంగా ఊపాను. తెలియదన్నాను. ఆయన "నాకూ తెలవనేదు తల్లీ" అని కొట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికారు మావగారు. ఒక్కరికి కూడా ఏ ఆటకి వెళ్ళాలో చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "నాకేటి తెలుసు, నాను సారా పోసుకునీవోన్ని" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకి పాటంటే గిట్టదేమో అనుకునేవారు. నేను రోజూ ఆ కిటికీలో పళ్ళెం పెడుతూనే ఉన్నాను, ఆయన తీసుకుంటూనే ఉన్నారు. నిజం చెప్పడానికి రోజుకి పది అవకాశాలు. ఆయన పోయిన రోజు పాడె కట్టే దాకా ఆగి నేను ఏడ్చిన ఏడుపు చూసి, మావగారంటే ఈ కోడలికి ఎంత ప్రేమో అన్నారు జనం.

మా అయ్య నలభై ఆరేళ్ళకి ఆగిపోయాడు. నేను ఎనభై దాకా వచ్చేశాను. ఇప్పుడు ఆయన నాకు కొడుకు ఈడు మనిషి. గంజి మింగలేక పొయ్యి పక్కన కూర్చున్న ఆ మనిషి కొడుకై ఉంటే కుండ ముట్టుకోవడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండను. ఆ సంగతి తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది.